టేకు డెక్కు: గీకితే చేటు, కాపాడితే తరతరాల మన్నిక
గల్ఫ్ రేవుల్లో పనిచేసే మన జిల్లావాసులకు, పడవల యజమానులకు, వడ్రంగులకు ఉపయోగపడే వివరాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న మన ప్రాంతానికి పడవల డెక్కులతో పనేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల పరిసర గ్రామాల నుంచి దుబాయి, షార్జా, మస్కట్, దోహా, కువైట్ నగరాలకు ఉపాధికై తరలివెళ్లినవారు లేని వీధి అరుదు. గల్ఫ్ దేశాల్లో ఓడరేవులూ, విహార నౌకలు నిలిపే మెరీనాలూ, పడవల మరమ్మతు శాలలూ విస్తారంగా ఉన్నాయి. వడ్రంగం, రంగుల పని, శుభ్రత పని పేరిట వెళ్లినవారికి అక్కడ టేకు డెక్కు బాగుచేసే పని అప్పగించే అవకాశం ఉంటుంది. పద్ధతి తెలియక ఒక్కపూట చేసిన పొరపాటు ఆ డెక్కు ఆయుష్షును ఏళ్ల తరబడి తగ్గించగలదు. నష్టం యజమానిదైనా, మాట పడేదీ, ఒక్కోసారి జీతం కోత భరించేదీ పనివాడే. అందుచేత ఈ పనిలోని మెళకువలు తెలుసుకొని ఉండుట ఎంతైనా అవసరం.

పడవ లేదా ఓడ పైభాగాన మనుషులు నడిచేందుకు పరచిన తలాన్ని డెక్కు అంటారు. పూర్వపు చెక్క ఓడల్లో మందపాటి పలకలే డెక్కుగా ఉండేవి. నేటి విహార నౌకల్లో చాలావరకు ఫైబర్ లేదా ఉక్కు తలంపై సన్నని టేకు బద్దలను అతికిస్తున్నారు. ఈ బద్దల మందం సాధారణంగా 8 నుంచి 12 మిల్లీమీటర్లు మాత్రమే. నిర్వహణలోని చిక్కంతా ఈ పలుచదనంలోనే ఉన్నది.

టేకుకే ఎందుకీ పెద్దపీట?

టేకు మనకు కొత్త చెట్టు కాదు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఆకురాల్చు అడవుల్లో సహజంగా పెరిగే వృక్షమిది. మన ఇళ్ల ద్వారబంధాలకు, దూలాలకు, మంచాలకు తరతరాలుగా వాడుతున్నదే. భారతదేశంతో పాటు మయన్మార్, థాయిలాండ్, లావోస్ దీనికి పుట్టిళ్లు.

ఈ కలప చేవలో సహజమైన నూనెలు, రబ్బరు వంటి జిగురు పదార్థం, సూక్ష్మమైన ఇసుక రేణువుల వంటి సిలికా ఉంటాయి. చెదలను, కుళ్లును కలుగజేసే బూజును ఎదుర్కొనే గుణం చేవలోని సహజ రసాయనాల వలననే లభిస్తుంది. తడిసినప్పుడు ఉబ్బుట, ఆరినప్పుడు కుంచించుకుపోవుట ఇతర కలపలతో పోలిస్తే తక్కువ. తడి డెక్కుపై పాదం జారకుండా పట్టునివ్వడం మరొక సుగుణం. అయితే ఈ గుణాలన్నీ చేవకే చెందుతాయి. చేవ చుట్టూ ఉండే తెల్లని లేత భాగానికి అంత మన్నిక లేదు. తొందరగా నరికిన తోటల టేకులో ఈ తెల్లభాగం పాలు ఎక్కువగా ఉంటుంది గనుక, డెక్కుకు బద్దలు ఎంచుకునేటప్పుడు తెల్లచారలు ఉన్నవాటిని పక్కన పెట్టవలెను.

బద్దను కోసే తీరు కూడా ముఖ్యమే. దుంగలోని వలయాలు బద్ద పైభాగానికి నిలువుగా వచ్చేటట్లు కోసినచో, బద్ద వంకరపోవడం తగ్గుతుంది, అరుగుదల సమానంగా ఉంటుంది. అడ్డదిడ్డంగా కోసిన బద్దలు కొన్నాళ్లకు పొరలుగా లేస్తాయి.

రెండు వందల ఏళ్ల సాక్ష్యం

టేకు ఎంతకాలం నిలుస్తుందన్న దానికి గొప్ప నిదర్శనం బొంబాయి రేవులో తయారైన ట్రింకోమలీ అనే యుద్ధనౌక. బ్రిటిషు నౌకాదళం కోసం వాడియా వంశపు నౌకా నిర్మాతలు దీనిని టేకుతో నిర్మించి 1817లో జలప్రవేశం చేయించారు. రెండు శతాబ్దాలు గడచినా ఆ నౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ పట్టణంలో నేటికీ నీటిపై తేలుతూ సందర్శకులను ఆకర్షిస్తున్నది. సకాలంలో మరమ్మతులు జరుగుతూ ఉండటమే ఆ దీర్ఘాయుష్షుకు తోడ్పడింది.

ఉక్కు ఓడల కాలంలోనూ టేకు విలువ తగ్గలేదు. 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రాలపై సంతకాలు జరిగిన అమెరికా యుద్ధనౌక మిస్సోరీ పైతలం టేకుదే. 1969లో తొలి ప్రయాణం చేసిన క్వీన్ ఎలిజబెత్-2 విహార నౌక 2008లో దుబాయి చేరి, 2018 నుంచి అక్కడి రషీద్ రేవులో హోటలుగా నడుస్తున్నది. దాని డెక్కులూ టేకువే. దుబాయి క్రీక్‌లో సరుకులు మోసే ధౌ పడవలకు కేరళలోని బేపూరులో తయారయ్యే ఉరువులు దగ్గరి చుట్టాలు. వాటి నిర్మాణంలోనూ టేకుకు ప్రముఖ స్థానం ఉంది. మన తెలుగు తీరంలో పూర్వపు తూర్పు గోదావరి జిల్లా కోరంగి, తాళ్లరేవు ప్రాంతాలు చెక్క ఓడల నిర్మాణానికి పేరుపొందినవే.

బూడిద రంగు రోగం కాదు

కొత్త టేకు బంగారు గోధుమ వర్ణంలో మెరుస్తుంది. కొన్ని నెలలు ఎండావానలకు గురైన మీదట వెండి వంటి బూడిద రంగుకు మారుతుంది. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు పైపొరను మార్చడమే ఇందుకు కారణం. ఈ మార్పు పైపైన మాత్రమే జరుగుతుంది; లోపలి కలప చెక్కుచెదరదు. నిజానికి సమంగా బూడిద రంగు తేరిన డెక్కు ఆరోగ్యంగా ఉన్నట్లే లెక్క.

ఈ సంగతి తెలియని పనివారు బూడిద రంగును మురికిగా భావించి, మళ్లీ బంగారు రంగు వచ్చేదాకా గీకుతుంటారు. నల్లని మచ్చలు, పచ్చని పాచి, జిడ్డు కనిపించినప్పుడే శుభ్రత అవసరం. రంగు మారినంత మాత్రాన గీకవలసిన పనిలేదు.

కడిగే తీరు

టేకు డెక్కుకు ప్రథమ వైద్యం సముద్రపు నీరే. ఉప్పు గాలిలోని తేమను పట్టి ఉంచి కలప మరీ ఎండిపోకుండా చూస్తుంది, పాచిని అదుపులో ఉంచుతుంది. గోదావరి, మానేరు వంటి మంచినీటి జలాల్లో తిరిగే పడవలైతే ఆ నీటితోనే కడిగి, నీరు నిలువకుండా త్వరగా ఆరనివ్వాలి.

కడిగేటప్పుడు పాటించవలసిన సూత్రం ఒక్కటే: చారలకు అడ్డంగా, మెత్తని బ్రష్షుతో, తేలికగా రుద్దవలెను. కలపలో గట్టి చారలు, మెత్తని చారలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. గట్టి బ్రష్షుతో చారల వెంట నిలువుగా రుద్దితే మెత్తని భాగం తొలుచుకుపోయి గాడులు పడతాయి. ఆ గాడుల్లో మురికి చేరుతుంది. మురికి పోగొట్టేందుకు మరింత గట్టిగా రుద్దుతారు. గాడులు మరింత లోతవుతాయి. చివరకు చిత్రిక పట్టక తప్పని స్థితి దాపురిస్తుంది.

అధిక పీడనంతో నీటిని చిమ్మే యంత్రాలను డెక్కుపై ఎన్నడూ వాడరాదు. కార్లు కడిగేందుకు ఉపకరించే ఆ ధార టేకులోని మెత్తని భాగాన్ని క్షణాల్లో పెకలిస్తుంది. అవసరమైతే తేలికపాటి సబ్బునీరు చాలు. బజారులో రెండు సీసాలుగా అమ్మే క్షార, ఆమ్ల శుద్ధి ద్రావణాలు రంగును వెంటనే తెప్పించినా, ప్రతిసారీ కలపను కొంత తింటాయి. వాటిని తప్పనిసరి అయినప్పుడే, చేతి తొడుగులు ధరించి, పుష్కలంగా నీరు పోసి వాడాలి. బట్టలు తెల్లబరిచే బ్లీచింగు పొడి, క్లోరిను ద్రవాలు కలపకూ, సందుల్లోని బంకకూ చేటు.

నూనె పూయవలెనా, వద్దా?

ఈ విషయమై పడవల యజమానుల్లో ఏళ్ల తరబడి వాదోపవాదాలు సాగుతున్నాయి. టేకు నూనె పేరిట అమ్మేవి టేకు చెట్టు నుంచి తీసినవి కావు. సాధారణంగా అవిసె నూనె, టంగ్ నూనెల మిశ్రమాలు. పూసిన కొత్తలో డెక్కు నిగనిగలాడుతుంది. ఎండలో ఆ నూనె కొద్ది వారాల్లోనే చెదిరిపోతుంది. పైగా ధూళిని పట్టి, బూజుకు ఆహారమై, డెక్కును నల్లబరుస్తుంది. మళ్లీ పూయాలంటే ముందు గీకాలి. ఈ కారణాల చేత నడిచే డెక్కును నూనె లేకుండా సహజంగా వదిలివేయడమే మేలని అనేకులు భావిస్తున్నారు.

రంగు కోరేవారు నూనెకు బదులు టేకు సీలరు వాడవచ్చు. అది మరికొంత ఎక్కువ కాలం నిలుస్తుంది. వార్నీషు మాత్రం కాలు మోపే చోట పనికిరాదు. తడిసినప్పుడు జారి మనిషి పడే ప్రమాదముంది. చేతికమ్ములకు, తలుపులకు, లోపలి అలంకరణకు వార్నీషు వేయవచ్చు.

సందుల్లోనే ప్రాణం

రెండు బద్దల నడుమ నల్లని గీతలా కనిపించేది అలంకారం కాదు, నీరు దిగకుండా అడ్డుకునే బంక. పూర్వం దూదిని, నారను సందుల్లో ఉలితో దట్టించి, పైన కరిగించిన కీలు పోసేవారు. ఇప్పుడు పాలీసల్ఫైడు వంటి రబ్బరు బంకలు వాడుతున్నారు. కలప ఉబ్బినా కుంచించుకున్నా ఇవి సాగి ముడుచుకుంటాయి.

బంక ఒక పక్క ఊడితే పైకి పెద్దగా కనిపించదు. వాననీరు మాత్రం ఆ సన్నని చీలికలోంచి దిగి, ఫైబరు పొరల మధ్య ఉండే బల్సా చెక్కను లేదా ప్లైవుడును చివికిస్తుంది. పైన టేకు చెక్కుచెదరకపోయినా, కింద ఆధారం మెత్తబడి, కాలు వేస్తే దిగబడుతుంది. ఆ స్థితికి చేరిన డెక్కును మొత్తం పెకలించవలసిందే.

కారే చోటును కనిపెట్టేందుకు సులభమైన ఉపాయం ఉంది. డెక్కు అంతటినీ తడిపి, నీడలో ఆరనిస్తూ గమనించాలి. మిగతాచోట్ల ఆరిపోయినా, బంక ఊడిన సందు పొడవునా తడిగీత నిలిచి ఉంటుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. చెక్క సుత్తితో మెల్లగా తట్టి చూడుట మరో పద్ధతి. గట్టిగా ఉన్నచోట స్పష్టమైన శబ్దం వస్తుంది. అతుకు ఊడినచోట బోలుగా, మందంగా వినిపిస్తుంది.

బంక మార్చే క్రమం ఇది:

1. పాత బంకను కొక్కెం వంటి పనిముట్టుతో జాగ్రత్తగా లాగివేయాలి. బద్ద అంచులు దెబ్బతినరాదు.

2. గాడిలోని ధూళిని తుడిచి, అంచులను గరుకు కాగితంతో తేలికగా రుద్దాలి.

3. టేకులోని సహజ నూనె బంకను అంటనివ్వదు. కనుక అసిటోనులో తడిపిన గుడ్డతో అంచులు తుడిచి, అది ఆవిరైన వెంటనే తరువాతి పని మొదలుపెట్టాలి.

4. గాడి అడుగున బంక అంటని పట్టీ పరచాలి. బంక రెండు పక్కల అంచులకే అంటుకొని, అడుగున స్వేచ్ఛగా ఉంటేనే సాగగలుగుతుంది. మూడు వైపులా అతుక్కుంటే త్వరలోనే చీలుతుంది.

5. తయారీదారు సూచించిన ప్రైమరు వేసి, గాలి బుడగలు చేరకుండా గాడిని అడుగు నుంచి నింపాలి.

6. పూర్తిగా గట్టిపడేందుకు సూచించిన రోజులు ఆగి, ఆ తరువాతే పైకి పొంగిన భాగాన్ని ఉలితో కోసి చదును చేయాలి.

వాన కురిసే రోజుల్లోగానీ, మిట్టమధ్యాహ్నపు ఎండలోగానీ ఈ పని చేయరాదు. కిటికీలకు వాడే మామూలు సిలికానును డెక్కు సందుల్లో నింపడం మరొక పెద్ద పొరపాటు. దాని అవశేషం కలపలోకి ఇంకి, తరువాత ఏ బంకనూ అంటనివ్వదు.

బిరడా ఊడితే హెచ్చరికే

పాత పద్ధతి డెక్కుల్లో బద్దలను మరమేకులతో బిగించి, మేకు తలపై గుండ్రని టేకు బిరడా కొడతారు. డెక్కు అరిగిన కొద్దీ బిరడా పలుచనవుతుంది. ఉదాహరణకు 10 మిల్లీమీటర్ల బద్దలో 5 మిల్లీమీటర్ల బిరడా ఉన్నదనుకుంటే, పైన 3 మిల్లీమీటర్లు అరిగేసరికి బిరడాకు మిగిలేది రెండే. అది నిలవదు, ఊడివస్తుంది. ఆ రంధ్రం గుండా నీరు మేకు వెంట నేరుగా కిందికి చేరుతుంది.

ఒకటి రెండు బిరడాలు ఊడితే మేకును తీసి, రంధ్రం లోతు పెంచి, తిరిగి బిగించి, కొత్త బిరడాను జిగురుతో కొట్టాలి. బిరడా చారలు బద్ద చారల దిశలోనే ఉండాలి. జిగురు ఆరిన పిమ్మట ఉలితో పైభాగాన్ని కోయవలెను. డెక్కు అంతటా బిరడాలు వరుసగా ఊడుతున్నట్లయితే అది అరుగుదల చివరి దశ. ఇక గరుకు కాగితం ముట్టరాదు. ఇనుప మేకులు తుప్పుపట్టి మరకలు చేస్తాయి గనుక కంచు లేదా స్టెయిన్‌లెస్ స్టీలు మేకులే వాడవలెను.

చిత్రిక ఎప్పుడు?

గాడులు లోతై, కాలికి గుచ్చుకునే స్థితిలో మాత్రమే డెక్కును గీకించాలి. మొదట 80 నంబరు, పిమ్మట 120 నంబరు గరుకు కాగితం సరిపోతుంది. అంతకుమించి నునుపు చేస్తే జారుడు పెరుగుతుంది. పనికి ముందే బద్ద మందం ఎంత మిగిలిందో కొలిచి, యజమానికి చూపి, అనుమతి పొందుట పనివానికి రక్షణ.

ఈ విషయంలో ఈ విలేకరికి స్వానుభవం ఉన్నది. తాతల నాటి టేకు తలుపులకు కొత్త మెరుగు తేవాలని ఒక పనివానితో గ్రైండరు పెట్టించగా, ఒక్క మధ్యాహ్నంలో నగిషీ అంచులు మొండివైపోయినవి. తలుపు మందంగా ఉండబట్టి నిలిచింది గానీ, అదే 10 మిల్లీమీటర్ల డెక్కు అయితే తిరిగి పనికివచ్చేది కాదు.

మరకలు పడితే

డీజిలు, వంటనూనె, కూరల మరకలు పడినవెంటనే గిన్నెలు తోమే సబ్బునీటితో కడగాలి. ఆలస్యమైతే నూనె లోపలికి ఇంకుతుంది. తుప్పు మరకలకు పలుచని ఆక్జాలిక్ ఆమ్ల ద్రావణం పనిచేస్తుంది. ఇది విషపదార్థం, కళ్లకు, చర్మానికి తగలనీయక, పిల్లలకు అందకుండా ఉంచి, పని ముగిశాక నీటితో బాగా కడగవలెను. పడవను నిలిపి ఉంచే రోజుల్లో పైన గుడ్డ పందిరి కట్టితే ఎండ వేడిమి, అరుగుదల రెండూ తగ్గుతాయి. గాలి ఆడకుండా ప్లాస్టిక్ పట్టా కప్పితే మాత్రం లోపల తేమ చేరి బూజు పడుతుంది.

ముందు ప్రాణం, తరువాతే పని

చెక్కపొడిని క్యాన్సరు కారకాల్లో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 1995లోనే వర్గీకరించింది. టేకు పొడి కొందరికి చర్మంపై దద్దుర్లు, ఆయాసం కలిగిస్తుంది. ముక్కుకు రుమాలు కట్టుకొనుట చాలదు. ధూళిని వడపోసే మాస్కు, కళ్లద్దాలు అడిగి తీసుకోవాలి. అసిటోను త్వరగా అంటుకునే ద్రవం. దాని దగ్గర బీడీ, సిగరెట్టు ముట్టించరాదు.

చాలామందికి తెలియని ప్రమాదం మరొకటి ఉన్నది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండలుగా చుట్టి మూలన పడవేస్తే, నూనె గాలితో కలిసి వేడి పుట్టి, నిప్పు లేకుండానే అవి రాజుకోగలవు. అటువంటి గుడ్డలను విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లున్న ఇనుప డబ్బాలో వేసి మూతపెట్టాలి.

గల్ఫ్‌లో ఎండదెబ్బ మరో శత్రువు. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదన్న నిబంధన అమలులో ఉంది. సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, ఒమన్ దేశాల్లోనూ వేళలు వేరైనా ఇటువంటి నియమాలే ఉన్నాయి. డెక్కు పని పూర్తిగా ఆరుబయటే గనుక ఈ హక్కును తెలుసుకొని ఉండాలి. ఎమిగ్రేషన్ అనుమతి పొంది వెళ్లే కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణం లేదా శాశ్వత వైకల్యం సంభవిస్తే 10 లక్షల రూపాయల వరకు బీమా ఉన్నది. విజిటు వీసాపై వెళ్లి పనిలో చేరినవారు ఈ రక్షణకు దూరమవుతారు.

ఇంటి టేకుకూ ఇవే సూత్రాలు

పడవ లేనివారికీ ఈ విషయాలు ఉపకరిస్తాయి. వాకిట్లో ఎండావానలకు ఉండే టేకు తలుపులు, బల్లలు, ఊయలలకు ఇవే నియమాలు వర్తిస్తాయి. ద్వారబంధం అడుగున నీరు నిలువకుండా చూడాలి. బూడిద రంగు చూసి బెంబేలెత్తరాదు. గ్రైండరు కంటే చేతి గరుకు కాగితమే మేలు. సొంత పొలంలోని టేకు చెట్టును కొట్టి కోయించదలచినవారు ముందుగా అటవీ శాఖ అనుమతి, రవాణా పత్రం పొందవలసి ఉంటుంది.

ఏడాది పొడవునా గుర్తుంచుకోవలసినవి

- వారానికి ఒకసారి: సముద్రపు నీటితో, మెత్తని బ్రష్షుతో, చారలకు అడ్డంగా కడుగుట.
- నెలకు ఒకసారి: ఊడిన బిరడాలు, లేచిన అంచులు, తుప్పు మరకల పరిశీలన.
- ఆరు నెలలకు: తడిపి ఆరబెట్టి కారే సందులను గుర్తించుట, చెక్క సుత్తితో తట్టి చూచుట.
- ఏడాదికి: ఊడిన మేరకు బంక మార్పు, బద్ద మందం కొలిచి పుస్తకంలో నమోదు.
- గీకించుట: ఏటా చేయవలసిన పని కాదు, గాడులు లోతైనప్పుడే, మందం మిగిలి ఉంటేనే.

మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని నిలిపివేసింది. థాయిలాండ్ సహజ అడవుల్లో నరికివేతను 1989లోనే నిషేధించింది. పాత అడవుల చేవగల టేకు నానాటికీ అరుదవుతున్న ఈ రోజుల్లో, ఉన్న బద్దను కాపాడగల పనివానికి విలువ పెరుగుతున్నది. ఉలి, సుత్తి పట్టడం వచ్చిన మన వడ్రంగులు ఈ కొద్దిపాటి మెళకువలు కూడా నేర్చి వెళ్లినచో, కూలీగా కాక నిపుణుడిగా వేతనం అడిగే అవకాశం కలుగుతుంది.